కొండ మీద తయారైన మర

ఇరవై ఆరేళ్లపాటు నేను పిల్లలకి టర్నర్ పని నేర్పాను. లేతు మిషన్ మీద ఇనప ముక్కను తిప్పుతూ, కావలసిన కొలతకి కోసి తియ్యడమే ఆ పని. విజయనగరం, బొబ్బిలి వైపు ఐటీఐల్లోనే ఆ సర్వీసంతా గడిచింది. ఆడమనిషి లేతు దగ్గర నిలబడిందని మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత వాళ్ల కూతుళ్లని తీసుకొచ్చి నా క్లాసులో చేర్పించారు. అంచేత ఉద్యోగం మీద నాకు కాస్త గర్వం ఉండేది. రిటైర్మెంటు మూడేళ్లుందనగా నన్ను అరకు పైన ఏజెన్సీలోకి బదిలీ చేశారు. స్టాఫ్ రూములో అందరూ వరసగా వచ్చి పరామర్శించారు. మా ఆయన రైల్వేలో చేసి అప్పటికే రిటైరయ్యారు. ఆయన మాత్రం సంతోషించారు. "చలికాలం వస్తాను, ఎండాకాలం వస్తాను. వానాకాలం మాత్రం నన్ను పిలవకు, కాళ్లు జారతాయి" అన్నారు.

ఐటీఐకి నాలుగు కిలోమీటర్ల లోపల ఒక ఆదివాసీ ఊళ్లో గది దొరికింది. ఇంటావిడకి నలభై ఐదేళ్లుంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోట, ఏటవాలు మీద సామలు, వాళ్లు సోళ్లనే రాగులు పండిస్తుంది. ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి పెద్ద కూడా ఆవిడే. ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుకుంటారు. నాతో తెలుగు, మధ్యమధ్య ఒరియా మాటలు. మొదటి రోజు నన్ను మేడమ్ అంది. రెండో రోజు నేను పొయ్యి దగ్గర కూర్చుని తోటకూర తరగడం చూసి, అక్క అన్నట్టు అప్పా అనేసింది. ఆ తర్వాత ఊరంతటికీ నేను అప్పనే.

రోజూ తెల్లారేసరికి ఇల్లిల్లూ రోకళ్ల చప్పుడు. సామ గింజ మీద పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. ఒక పూట తిండికి గంటసేపు దంచాలి. సరదాగా ఓ రోజు నేనూ రోకలి పట్టుకున్నాను. పావుగంటకి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ దంచుడు పడలేక ఊళ్లో సగం మంది రేషను బియ్యం వండుకుని, సామలు పొట్టుతోనే సంతలో షావుకారికి వేసేసేవారు. అవి మైదానంలోకి దిగి, పొట్టు తీయించుకుని, ప్యాకెట్లయి మళ్లీ కొండెక్కి వచ్చేవి. రోడ్డు మీద కొట్లో ఆ ప్యాకెట్టు చూపించి ఇంటావిడ నాతో అంది:

"ఇది మా పక్క పొలంలో గింజే అయ్యుంటాదప్పా. పట్నమెల్లి చొక్కా తొడుక్కొచ్చింది."

నేను వెళ్లిన మొదటి ఏడాదే వాళ్ల సంఘానికి ఒక పథకం కింద పొట్టు తీసే మర వచ్చింది. అది పనిచేసే తీరు చెప్పడం తేలిక. పైనుంచి గింజలు పోస్తే లోపల ఒక చక్రం గిర్రున తిరిగి వాటిని గోడకేసి కొడుతుంది. ఆ దెబ్బకి పొట్టు ఊడుతుంది, ఫ్యాను గాలికి పొట్టు బయటికి ఎగిరిపోతుంది, బియ్యం కింద పడుతుంది. చక్రానికి చుట్టూ రెక్కల్లాంటి ఇనప పలకలు ఉంటాయి. మర వచ్చిన రోజు ఊళ్లో పండగే. దంచుడు ఆగిపోయిన పొద్దుటిపూటలు ఎలా ఉంటాయో నేను చూశాను. ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని ఊరికే కబుర్లు చెప్పుకున్నారు.

ఆ సంబరం రెండు నెలలే. కొండ పొలాల సామల్లో సన్నటి రాళ్లుంటాయి. ఆ రాళ్లు తగిలి తగిలి చక్రం రెక్కలు అరిగిపోయాయి, ఒకటి విరిగి ఎగిరింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ చక్రం ఎక్కడో ఉత్తరాదిలో గోడౌన్ నుంచి రావాలన్నారు. అక్కడికి ఫోన్ చేస్తే, అది వేరే దేశం నుంచి ఓడలో రావాలన్నారు. ఇంతలో వానలు ముదిరాయి. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి, కూరగాయల వ్యాన్లే రావడం మానేశాయి. పార్సిలు వచ్చేసరికి రెండు నెలలు దాటింది. పది మందీ మూగి విప్పాం. చక్రం ఉంది. దాని కన్నం మాత్రం మా మర ఇరుసు కంటే చిన్నది. అది వేరే మోడల్‌ది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటావిడ ఆ చక్రాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది.

"అప్పా, దీన్ని మనమే సేసుకోలేమేటి?"

"అంత సులువు కాదమ్మా," అన్నాను. అన్నానే గానీ, ఆ మాట క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పోత పొయ్యాలి, గట్టి ఇనుము కావాలి, దానికి పదును పెట్టాలి, బరువు అన్ని వైపులా సమానంగా ఉండాలి అంటూ వివరించాను.

ఆవిడ శ్రద్ధగా అంతా విని, "మరి ఇన్నేళ్లూ పిల్లలకి ఏటి నేర్పినావు?" అని అడిగింది. ఎగతాళిగా కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఇరవై ఆరేళ్లుగా నా పిల్లలు చేసినవి ప్రాక్టీసు ముక్కలు. కొలత చూసి, మార్కులు వేసి, తుక్కులో పడేసేవాళ్లం. ఆ ముక్కల్లో ఒక్కటైనా ఒకరి ఇంటికి పనికొచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఈసారి ప్రాక్టీసుకి మామూలు ముక్క బదులు ఈ చక్రం చేయిస్తానన్నాను. ఆయన చక్రం చూసి, "చేయించండి మేడమ్, తుక్కు తగ్గుతుంది" అన్నారు.

మధ్య భాగం లేతు మీద అయిపోయింది. రెక్కలకే చిక్కొచ్చింది. మా స్టోరులో ఉన్నది మెత్తటి ఇనుము. అది కంపెనీ రెక్క కంటే బేగి అరిగిపోతుంది. అప్పుడు ఇంటావిడే నన్ను పక్క ఊరి కమ్మరి దగ్గరికి తీసుకెళ్లింది.

అరవై దాటిన మనిషి. సన్నగా, కొలిమి పక్కనే ఆరబెట్టినట్టు ఉంటాడు. చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకి నాగలి కర్రులు, కొడవళ్లు, కత్తులు ఆయనే చేస్తాడు. నేను నా కాగితం బొమ్మ తీసి చూపించాను. ఆయన బొమ్మ వైపు చూడలేదు. విరిగిన రెక్క అడిగి తీసుకుని, రాయి మీద గీసి చూసి, నాలిక చప్పరించాడు.

"ఇది పోత. రాయి తగిల్తే ఇరిగిపోద్ది. సాగగొట్టినదైతే ఇరగదు."

"ఏ ఇనుముతో చేస్తావన్నా?"

"లారీదుంది కదా."

కొలిమి వెనక పాత లారీ కమాను పట్టీల కుప్ప ఉంది. ఘాట్ రోడ్డు మీద విరిగిన ప్రతి లారీ పట్టీ చివరికి ఆయన దగ్గరికే చేరేదట. వాటితోనే కత్తులు చేస్తాడు. ఒక కత్తి నా చేతికిచ్చాడు. పదేళ్లుగా వెదుళ్లు నరుకుతున్న కత్తి. అంచు మీద చిన్న గంటు కూడా లేదు.

రెక్క కొట్టడం అయ్యాక పదును పెట్టే వేళకి నన్ను దగ్గరికి పిలిచాడు. ఇనుము ఎంత వేడెక్కాక నూనెలో ముంచాలో పుస్తకంలో డిగ్రీల్లో ఉంటుంది. నేను ఆ అంకెలు కొన్ని వందల సార్లు బోర్డు మీద రాశాను. ఆయన దగ్గర అంకెలు లేవు.

"సూడు మేష్టరమ్మా. ఇప్పుడు కాదు... ఇంకా కాదు... మోదుగ పువ్వు రంగొచ్చింది సూడు, ఇదీ!" అని చటుక్కున డబ్బాలో ముంచాడు. పాత ఇంజన్ ఆయిల్లో కాస్త ఇప్పనూనె కలిపి పెట్టుకున్నాడు. గుప్పున పొగ. ఆ పొగకి దగ్గుతూనే నేను చిన్నపిల్లలా ఇంకోటి, ఇంకోటి అంటున్నాను. బోర్డు మీద రాసిన అంకె రంగు ఎలా ఉంటుందో నా యాభై ఏడో ఏట చూశాను.

మొదటి చక్రం బిగించిన రోజు సంఘం ఆడవాళ్లంతా వచ్చారు. స్విచ్చి వేశాం. పది లెక్కపెట్టేలోపు మర గజగజా వణికి, ఉన్నచోటు నుంచి నడవడం మొదలుపెట్టింది. నిజంగానే అడుగులేసుకుంటూ గుమ్మం వైపు వస్తోంది. అందరూ కేకలేసుకుంటూ బయటికి పరిగెత్తారు. గింజలు పైకప్పు దాకా చిమ్మాయి. ఊళ్లో కోళ్లన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక్కసారిగా లోపల జొరబడ్డాయి. నేను గోడ పట్టుకుని వెళ్లి స్విచ్చి ఆపాను.

"ఓలమ్మో, మనకంటే ముందు కోళ్లకి పెట్టీసినాదప్పా!" అంది ఇంటావిడ. నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. కమ్మరి మాత్రం నవ్వలేదు. మర చుట్టూ తిరిగి, "నా రెక్కలు ఒకేలా లేవు," అన్నాడు. "కత్తులు ఒక దాన్తో ఒకటి పోల్చక్కర్లేదు. ఇయ్యి పోల్చాల."

తప్పు ఆయనది కాదు. బరువు సరిచూడకుండా బిగించింది నేను. ఆ ఆదివారం మేమిద్దరం రెండు ఇనప అంచుల మీద చక్రాన్ని ఆనించి, ఏ వైపు కిందికి తిరిగిపోతోందో చూస్తూ కూర్చున్నాం. బరువున్న వైపు ఆకురాయితో అరగదీయడం, మళ్లీ పెట్టి చూడడం. మధ్యాహ్నానికి చక్రం ఎటు తిప్పి వదిలితే అటే నిలబడింది. ఈసారి మర కదల్లేదు గానీ సగం బియ్యం నూక అయింది. వేగం ఎక్కువైందని మోటారు పుల్లీ మార్చాం. మూడోసారి పోసినప్పుడు కింద గిన్నెలో పసుపు ఛాయలో నిండు గింజలు పడ్డాయి. ఇంటావిడ గుప్పెడు తీసి అరచేతిలో ఊది చూసింది. ఒక్క పొట్టూ ఎగరలేదు. ఆ రాత్రి సామన్నం, నాటుకోడి కూర. కమ్మరి మూడు సార్లు వడ్డించుకున్నాడు.

మా రెక్కలు ఆ ఏడాదంతా నిలిచాయి. ఈ మాట సంతలో పాకింది. గూడెం కొత్తవీధి వైపు నుంచి ఒకాయన అరిగిన చక్రం గోనెసంచిలో వేసుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. ముంచింగిపుట్టు నుంచి ఇంకొకరు. ఎక్కడ చూసినా ఇదే కథ. మర వచ్చింది, అరిగింది, మూలపడింది. మేము వాళ్లవీ చేసిచ్చాం. ఇంతలో నా రిటైర్మెంటు వచ్చేసింది.

రిటైరైతే లేతు పోతుంది. ఐటీఐ లేతు నాది కాదు కదా. వారం రోజులు ఆలోచించి, మా ఆయనతో చెప్పాను. అప్పటికి ఆయన నా రిటైర్మెంటు డబ్బుతో విశాఖపట్నం శివార్లలో స్థలం కొందామని రెండు లేఅవుట్లు చూసి ఉన్నారు. బ్రోషర్లు కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు.

"స్థలం వద్దండి. లేతు కొంటాను."

"ఏం కొంటావు?"

"లేతు. కొండ మీద పెడతాను. మరలకి చక్రాలు కాదు, అసలు మరలే అక్కడ తయారు చేద్దామని."

ఆయన చాలాసేపు బ్రోషర్లు సర్దారు. "స్థలమైతే ఊరికే కూర్చున్నా పెరుగుతుంది," అన్నారు.

"ఊరికే కూర్చోవడం మన ఇద్దరికీ రాదు కదా!"

ఆయన రైలు మనిషి. ఇనుమంటే ఆయనకీ మక్కువే. మర్నాడు పొద్దున్నే, "పాత లేతులు ఎక్కడ దొరుకుతాయో నీకంటే నాకే బాగా తెలుసు" అని చెప్పులేసుకున్నారు. ఒక మూతపడిన వర్క్‌షాపులో దొరికింది. నాకంటే రెండేళ్లే చిన్నది. బెడ్డు మీద చెయ్యి పెట్టి నిమిరితే ఎక్కడా గంటు తగల్లేదు. పెద్ద మోటారు తీసేయించి, ఊళ్లో ఉన్న సింగిల్ ఫేజ్ కరెంటుకి సరిపడే చిన్న మోటారు వేయించాం.

ఊళ్లో మీటింగు పెట్టారు. నేను లేతు తెస్తానంటే ఊరు ఊరికే తీసుకోలేదు. ఇంటావిడ లేచి, "అప్ప ఒక్కతే పెడితే మర అప్పదవుద్ది. అందరం పెడితే మనది" అంది. ఆవిడ కొట్టు కట్టుకుందామని ఉంచుకున్న ఊరి దారి పక్క జాగా షెడ్డుకి ఇచ్చింది. ఒకరు దూలాలు ఇచ్చారు. ఇంకొకరు రేకులు. ఏమీ ఇవ్వలేని ఇళ్లవాళ్లు నాలుగేసి రోజులు పని చేస్తామన్నారు. కమ్మరి, "నా కొలిమి ఇక్కడికి తెచ్చీస్తాను" అన్నాడు. అది విని అందరూ ఆశ్చర్యపోయారు. వాళ్ల తాతల నుంచి ఆ కొలిమి ఉన్న చోటు మారలేదు. ఎవరి వాటా ఎంత అన్న చర్చ వచ్చింది. ఇచ్చింది ఏదైనా ఇంటికొక వాటాయే అని తేల్చారు. నాకూ ఒకటే. మా ఆయన వెనక నుంచి, "మరి నాకు?" అన్నారు. "నువ్వు అప్ప ఇంటోడివే కదా బావా!" అన్నారు ఊరివాళ్లు. ఆయన ముఖం చూడాల్సింది. అంతవరకూ ఆయన్ని ఊళ్లో ఎవరూ బావా అనలేదు.

లేతు వచ్చిన రోజు లారీ తారు రోడ్డు మీదే ఆగిపోయింది. ముందు రోజు వానకి ఊరి దారి బురదైంది. డ్రైవరు లోపలికి రానన్నాడు. టన్ను పైన బరువు. దింపేసి పోతానంటున్నాడు. నేను బిత్తరపోయి నిలబడ్డాను. ఊరివాళ్లు నన్ను పట్టించుకోలేదు. నలభై మంది దాకా వచ్చి ఉంటారు. గుండ్రటి దుంగలు పరిచి, వాటి మీదికి లేతుని దించి, మోకులు కట్టి లాగారు. వెనక దుంగ ఖాళీ అవగానే ముందుకి పట్టుకెళ్లి పరవడం. అలా కిలోమీటరు. మా ఆయన ముందు నడుస్తూ రైలు ఈల ఊదారు. అది ఆయన సర్వీసులో వాడిన ఈలే. ఆయన ఈల ఊదితే లాగడం, మళ్లీ ఊదితే ఆగడం. రెండు చోట్ల లేతు పక్కకి ఒరిగి నా ప్రాణం పోయినంత పనైంది. చీకటి పడకముందే షెడ్డు చేరింది.

లేతు తిప్పడానికి ఎవరు నేర్చుకుంటారని అడిగితే ఇంటావిడ తనే ముందుకొచ్చింది. నేను కుర్రవాళ్లు వస్తారనుకున్నాను.

"కుర్రోళ్లు పనులకి పట్నం ఎలిపోతారప్పా. నేనెక్కడికెల్తాను? నా కాఫీ ఇక్కడే ఉంది."

లేతు దగ్గర చీర కూడదు. చెంగు పట్టుకుందంటే మనిషినే లాగేస్తుంది. ఈ మాట గట్టిగా చెప్పాను. మర్నాడు మా ఆయనవి పాత ప్యాంటూ చొక్కా వేసుకుని, జుత్తు గట్టిగా ముడేసుకుని వచ్చింది. దారి పొడవునా ఆడవాళ్లు ఆవిడ వెంట నడిచి వచ్చారట. "సంతకి ఇలగే ఎల్తే కాఫీకి మంచి ధర కడతాడేమో షావుకారు!" అంది. మొదటి నెలలో మూడు పనిముట్లు విరగ్గొట్టింది. నాలుగో నెలలో నేను చూడకుండానే ఇరుసు చివర నట్టు బిగించే మరచుట్లు కోసింది. నట్టు పెట్టి చూశాను, వేలితో తిప్పితే చివరి దాకా సాఫీగా వెళ్లింది. నా పిల్లల్లో ఆ పని అంత త్వరగా వచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు ఉండేవారు.

మరలో ప్రతిదీ మేమే చెయ్యలేదు. మోటారూ బేరింగులూ విశాఖపట్నం నుంచే తెచ్చాం. దీని మీద కమ్మరికి కోపం. అన్నీ మనమే చెయ్యాలి అనేవాడు. నేను చెప్పాను, "అన్నా, బేరింగు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. నాలుగు ఎక్కువ తెచ్చి డబ్బాలో పెట్టుకుంటే వానాకాలం గడుస్తుంది. ఏది దొరక్కపోతే మన పని ఆగిపోతుందో అది మన చేతిలో ఉంటే చాలు." ఆయన రెండు రోజులు తన కత్తుల పని చూసుకున్నాడు. మూడో రోజు వచ్చి, "అలగైతే జల్లెడ కూడా మనం సెయ్యాల. అదీ బయటే దొరకట్లేదు" అన్నాడు. ఆయన అన్నది నిజమే. జల్లెడ మీద పడ్డాం. రేకులో అన్ని కన్నాలూ ఒకే సైజులో కొట్టడానికి ఆయన ఒక ఉలి చేశాడు. ఒక్కో జల్లెడకి మూడు రోజులు పట్టేది.

మొదటి పూర్తి మర ముంచింగిపుట్టు దాటి లోపల ఒక ఊరికి వెళ్లింది. జీపు మీద కట్టి మేం నలుగురం వెళ్లాం. అక్కడ కరెంటు బల్బు వెలగడానికే చాలదు. మోటారు మూలిగి ఊరుకుంది. ఊళ్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఉందని మా ఆయన కనిపెట్టారు. ఇంటావిడ బెల్టు కొలత తీసుకుంది. కమ్మరి అక్కడి చెక్కతోనే ఇంజనుకి పీట కొట్టాడు. మధ్యాహ్నం రెండింటికి ఇంజను అందుకుంది. అక్కడ ఒక ముసలామె కింద పడుతున్న బియ్యం దోసిట్లో పట్టుకుని, మరని, మమ్మల్ని మార్చి మార్చి చూసి, వాళ్ల భాషలో ఏదో అంది. ఇంటావిడ తెలుగులో చెప్పింది:

"మనవేపోళ్లే సేసినారా, నిజమేనా అంటంది."

కమ్మరి తన కాలిన చేతులు చాపి ఆమెకి చూపించాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. నేను ఇంజను చూసే వంక పెట్టుకుని అటు తిరిగాను.

పోయిన ఏడాది గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లు మర కొనడానికి రాలేదు. చెయ్యడం నేర్పమన్నారు. మా షెడ్డులో గొడవైంది. నేర్పితే రేపు మన దగ్గర ఎవరు కొంటారని కొందరు అడిగారు. ఆ మాట తప్పని నేను అనలేను. ఇంటావిడ అందరి మాటా విని చివర అంది:

"వాళ్ల మర మూలపడితే మనమెల్లి బాగుసెయ్యాల. ఆ వానలో, ఆ దారుల్లో. నాకు ఓపిక నేదు. నేర్పీద్దాం."

మోదుగ పువ్వు రంగు కనిపెట్టడం మాత్రం నెలకి గానీ రాదని కమ్మరి పట్టుబట్టాడు. నెలంతా ఆ ఐదుగురూ నా గదిలోనే ఉన్నారు. నేనూ మా ఆయనా వంటింట్లోకి మారాం. రోజూ పొద్దున్న ఎనిమిది మందికి టీ ఆయనే పెట్టేవారు. వాళ్లలో ఒకామెకి మొదటివారంలోనే రంగు పట్టుబడింది. కమ్మరి అది ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది.

వెళ్లిన రెండు నెలలకి ఫోన్ చేశారు. మర అయింది, వచ్చి చూడమన్నారు. వెళ్లాం. చక్రం మా రకమే, జల్లెడ మా రకమే, తిరగడంలో తేడా లేదు. కానీ దాన్ని పెట్టిన చోటు చూసి నేను నిలబడిపోయాను. కొండ పొలంలో మెట్లు మెట్లుగా మడులుంటాయి కదా, కింది మెట్టులో మరని పెట్టారు. పై మెట్టు నేల సరిగ్గా దాని నోటి ఎత్తుకి వచ్చింది. ఆడవాళ్లు పైన నిలబడి, బస్తాని నేల మీద పడుకోబెట్టి ఒంపేస్తున్నారు. ఎత్తే పని లేదు. మా ఊళ్లో మాత్రం మనిషి భుజం దాకా బస్తా ఎత్తి పోస్తున్నాం. కంపెనీ మర అలా ఉంది కాబట్టి నేనూ అలాగే చేశాను. పైగా లేతూ మరా పెట్టే షెడ్డు కట్టడానికి రెండు రోజులు ఏటవాలుని తవ్వించి చదును కూడా చేయించాను.

"అప్ప పల్లపు మనిషి, చదును కనబడితే గానీ ఊపిరాడదు," అంది ఇంటావిడ. "నేను కొండలో పుట్టినాను, నాకేటయ్యింది?"

తిరుగు ప్రయాణంలో జీపులో అందరం అదే మాట్లాడుకున్నాం. ఇంటికి చేరి అన్నాలు తిన్నాక, కమ్మరి షెడ్డు వెనక గట్టుని అడుగులేసి కొలిచాడు. మర్నాడు మర విప్పి, పదిహేను అడుగుల అవతల, గట్టు అంచు దాని నోటి ఎత్తుకి వచ్చేలా కిందికి దించడం మొదలుపెట్టాం.